కుడితి డబ్బా: మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఎనిమిది నెలల కంపోస్ట్

2024 సంక్రాంతి వెళ్లిన వారానికి కూకట్‌పల్లి నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "చెత్త ఆటో ఎనిమిదిన్నరకి వస్తుందండీ. మేమిద్దరం ఏడున్నరకే బయల్దేరిపోతాం. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మూడంతస్తులు దిగి ఎక్కలేరు, మా బిల్డింగ్‌కి లిఫ్ట్ లేదు. రెండ్రోజులు డబ్బా కిందికి దిగకపోతే వంటింట్లో నిలబడలేకపోతున్నాం. బాల్కనీలో ఎండ కూడా పడదు. మీరు చెప్పే కంపోస్ట్ మా ఇంట్లో అవుతుందా?"

అవుతుందని చెప్పాను. ఇళ్లల్లో కంపోస్ట్ పెట్టించి, అది నిలదొక్కుకునే దాకా వెంట ఉండటం నా పని. ఎండ లేదన్న బెంగ చాలామందికి ఉంటుంది కానీ కంపోస్ట్‌కి ఎండ అక్కర్లేదు. నీడలో ఉంటేనే తడి ఆరిపోకుండా ఉంటుంది. కావాల్సింది గాలి, సరిపడా తడి, ఎండాకుల్లాంటి ఎండు సరుకు, రోజుకు ఐదు నిమిషాల ఓపిక.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆ ఇంటికి నేను వెళ్లింది తొక్కల్ని ఎరువు చేయించడానికి. ఎనిమిది నెలలయ్యాక లెక్క చూసుకుంటే, అన్నిటికన్నా ఎక్కువగా తగ్గింది ఆ ఇంట్లో పారేసే అన్నం, కూరలు. ఆ మార్పు నేను పెట్టించిన బకెట్ల వల్ల రాలేదు. ఆ ఇంటి పెద్దావిడ అన్న ఒక మాట వల్ల, వంటింట్లో పెట్టిన చిన్న కాటా వల్ల వచ్చింది.

ఇల్లు, మనుషులు

రెండు బెడ్‌రూముల ఫ్లాట్. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఆవిడ స్కూల్ టీచరు, ఆయనది సాఫ్ట్‌వేర్. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి. ఆయన తల్లి, అమలాపురం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన 68 ఏళ్ల ఆవిడ. నేను ఆవిణ్ణి మామ్మగారూ అని పిలిచేదాన్ని. ఉదయం పదింటికి పనికి వచ్చే ఒక అమ్మాయి. పేర్లు రాయడం లేదు, అవసరం కూడా లేదు.

వంటింటి వెనక వాష్ ఏరియా మూడున్నర అడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు. అందులో వాషింగ్ మెషీన్, గ్యాస్ సిలిండర్ పోగా మిగిలిన చోటు ఒక మనిషి నిలబడేంత. వేరే బాల్కనీలో పద్నాలుగు కుండీలు: తులసి, కరివేపాకు, మనీప్లాంట్, సగం ఎండిన గులాబీ.

ముందు తూకం

ఏ ఇంట్లోనైనా బకెట్ తీసుకెళ్లే ముందు పద్నాలుగు రోజులు చెత్త తూచమంటాను. పండగ రోజులు ఇందులో కలవకూడదు, చుట్టాలొచ్చిన రోజులు కలిసినా ఫర్వాలేదు. ఇక్కడ జనవరి 25 నుంచి ఫిబ్రవరి 7 దాకా తూచారు. వండనివి ఒక కవర్లో, వండినవి ఒక కవర్లో. వండనివంటే తొక్కలు, కాడలు, టీ పొడి, చింతపండు పిప్పి, పూజ పూలు, కొబ్బరి పీచు. వండినవంటే అన్నం, కూరలు, చపాతీలు, పిల్లల బాక్సుల్లో తిరిగొచ్చినవి.

పద్నాలుగు రోజులకు వండనివి 11.2 కిలోలు, వండినవి 5.6 కిలోలు. అంటే రోజుకు 800 గ్రాముల తొక్కలు, 400 గ్రాముల తిండి. ఆ 400 చూసి టీచరుగారు ఒప్పుకోలేదు. "మా ఇంట్లో అన్నం పారేయమండీ" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఏ ఒక్క రోజూ ఒక గిన్నెడు అన్నం పారబోసింది లేదు. గరిటెడు పప్పు, రెండు చపాతీలు, గిన్నె అడుగున మాడిన అన్నం, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు కూర్చున్న సాంబారు, ఇలా చిన్నచిన్నవే కలిసి 400 అయ్యాయి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్లల్లో పారేసే ఆహారం మనిషికి ఏడాదికి దాదాపు 55 కిలోలు. ఐదుగురికి అది రోజుకు 750 గ్రాములు అవుతుంది. మా లెక్క 1,200 వచ్చింది కదా అని కంగారు పడక్కర్లేదు. ఇందులో పూలు, పీచు, టీ పొడి పీల్చుకున్న నీళ్లు కూడా ఉన్నాయి కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. నేను ఆ అంకె చెప్పింది ఒక్కందుకే: ఈ ఇల్లు ప్రత్యేకంగా దుబారా చేసే ఇల్లేం కాదు, మనందరి ఇళ్లలాంటిదే.

బకెట్లు

మూత ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్లు నాలుగు కొనిపించాను. పెయింట్ డబ్బాలు ఊరికే దొరుకుతాయి, చాలామంది వాటినే వాడతారు. లోపల అంటుకున్న రంగు పొర ఎంత తోమినా పూర్తిగా పోదు, ఆకుకూరలకు వేసే ఎరువు కాబట్టి నేను వద్దంటాను. టెర్రకోట కుండలు ఇంకా మంచివి, గోడలే గాలి పీలుస్తాయి. కానీ మూడడుగుల చోటులో, అదీ రోజూ బట్టలుతికే చోట, పగిలితే ఎత్తలేరు.

బకెట్ పక్కల్లో డ్రిల్లింగ్‌తో చిన్న రంధ్రాలు, లోపలి వైపు దోమతెర ముక్క అంటించి. అడుగున నాలుగు రంధ్రాలు, కింద ట్రే. లోపల మొదటి పొర రెండంగుళాల కొబ్బరి పీచు. దాని మీద ఎండు సరుకు, గుప్పెడు పాత కంపోస్ట్, గరిటెడు పుల్లమజ్జిగ. బజార్లో కల్చర్ పొడులు, అంటే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు కలిపిన పొడులు దొరుకుతాయి, వాడితే తప్పులేదు. నా అనుభవంలో పాత కంపోస్ట్ గుప్పెడు ఉంటే వాటి అవసరం పడదు. పెరుగుకి తోడు వేసినట్టే.

ఎండు సరుకు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వాసన కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. తొక్కల్లో నైట్రోజన్, నీళ్లు ఎక్కువ. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఒక పాలు నైట్రోజన్‌కి 25 నుంచి 30 పాళ్లు కార్బన్ కావాలి. ఆ కార్బన్ ఎండాకుల్లో, కొబ్బరి పొట్టులో, చింపిన అట్టముక్కల్లో, రంపపు పొట్టులో ఉంటుంది. ఇంట్లో ఈ లెక్కలు ఎవరూ కట్టలేరు కాబట్టి గిన్నె కొలత చెప్తాను: ఏ గిన్నెతో తొక్కలు వేస్తే అదే గిన్నెతో నిండా ఎండు సరుకు. కోకోపీట్ దిమ్మ, అంటే నొక్కి దిమ్మ కట్టిన కొబ్బరి పొట్టు, కొంటే ఒక మెలిక ఉంది. దాన్ని నీళ్లు పోసి విడగొట్టాలి, విడగొట్టాక రెండు రోజులు ఆరబెట్టాలి. తడి కోకోపీట్ తడి చెత్త మీద వేస్తే ఏ పనీ చేయదు. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు.

ఎండాకులు కింద వాచ్‌మన్ దగ్గర దొరికాయి. ఆయన రోజూ ఊడ్చి కాంపౌండ్ గోడ పక్కన తగలబెట్టేవాడు. వారానికో గోనెసంచి పైకి పంపమంటే సంతోషంగా ఒప్పుకున్నాడు. దాంతో కోకోపీట్ ఖర్చు సగం తగ్గింది.

మొదటి వారంలోనే ఒక తేడా జరిగింది. ఎండు సరుకు డబ్బా ఖాళీ అయిపోతోంది, ఎందుకో అర్థం కాలేదు. పనికొచ్చే అమ్మాయి అది ఊడ్చిన దుమ్మనుకుని రెండుసార్లు పారేసింది. తప్పు ఆమెది కాదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. చాలా ఇళ్లల్లో కంపోస్ట్ మొదలుపెట్టేది ఇంటివాళ్లు, చేసేది మాత్రం పనికొచ్చేవాళ్లు. వాళ్లను ఒక్కమాట అడగకుండా, జీతం ఒక్క రూపాయి పెంచకుండా ఇంకో పని మీద వేయడం నాకు న్యాయంగా అనిపించదు. ఈ ఇంట్లో తొక్కలు సన్నగా తరిగే పని టీచరుగారే తీసుకున్నారు, కలిపే పని పెద్దమ్మాయి తీసుకుంది. పనమ్మాయికి మాత్రం ఏ డబ్బాలో ఏముందో కూర్చోబెట్టి చెప్పాం.

మూడో వారం

ఇక్కడ నా తప్పు ఉంది. ఎండు సరుకు ఎక్కువ వేస్తే వండినవి కూడా అదే బకెట్లో వేసుకోవచ్చని మొదట్లో చెప్పాను. వేరే రెండిళ్లలో అలా నడిచింది. ఆ ఇళ్లల్లో మిగిలేవి చపాతీలు, ఇక్కడ మిగిలేది అన్నం, సాంబారు.

మార్చి మొదటి వారంలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్. రెండో అంతస్తు వాళ్లు పైకి వచ్చి గొడవ పెట్టుకున్నారట. టీచరుగారి గొంతులో ఏడుపు వినిపిస్తోంది. "తెల్లటి పురుగులండీ, వాషింగ్ మెషీన్ మీదికి పాకుతున్నాయి. మా ఆయన మొత్తం తీసుకెళ్లి పారేస్తానంటున్నారు." ఉదయం వస్తాను, అప్పటిదాకా ఆగమన్నాను.

ఉదయం మూత తీయగానే కోడిగుడ్డు కుళ్లిన వాసన. పాత న్యూస్‌పేపర్లు పరిచి బకెట్ మొత్తం కుమ్మరించాను. పైన మూడంగుళాలు బాగానే ఉంది. దాని కింద అన్నం పిడచలు, బంకమట్టి ముద్దల్లాగా, నిమ్మకాయంత ఒక్కోటి. ఒకదాన్ని చేత్తో చిదిపి చూపించాను: పైన బూడిదరంగు, లోపల ఇంకా తెల్లగా మెతుకుగానే ఉంది, చుట్టూ జిగట. అన్నం మెతుకులు ఒకదానికొకటి అతుక్కుంటే మధ్యలోకి గాలి పోదు. గాలి లేనిచోట వేరే రకం సూక్ష్మజీవులు పనికి దిగుతాయి, ఆ వాసన వాటిది. సాంబారు నీళ్లు అడుగుకి దిగి ఆ నాలుగు రంధ్రాల్నీ మూసేశాయి. పైన ఎంత ఎండు సరుకు వేసినా ఆ పిడచల్లోకి అది చేరలేదు.

వాసన చెప్పే సంగతి నేర్చుకుంటే సగం సమస్యలు ఇంట్లోవాళ్లే తీర్చుకోగలరు. కుళ్లిన గుడ్డు వాసనైతే గాలి చాల్లేదు, తడి ఎక్కువైంది. ముక్కు మండే ఘాటైతే, అంటే పశువుల పాకలో వచ్చేలాంటిదైతే, నైట్రోజన్ ఎక్కువైంది, ఆకుకూరల కాడలు ఒకేసారి బోలెడు వేసుంటారు. రెండిటికీ మందు ఎండు సరుకు, కలపడం. ఏ వాసనా లేకుండా, చీమలు పట్టి, పని ఆగిపోయినట్టుంటే తడి చాల్లేదు. తడి తెలియాలంటే గుప్పెడు తీసి పిండాలి: చేతికి తడి తగలాలి, ఒకటీ రెండు చుక్కలు వస్తే సరే, ధారగా కారకూడదు.

పురుగుల సంగతి. పాకినవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. చదునుగా, కట్లు కట్లుగా, పెరిగాక రెండు సెంటీమీటర్ల దాకా ఉంటాయి, ముదిరాక గోధుమరంగు తిరుగుతాయి. కరవవు, రోగం తేవు. ఆ పెద్ద ఈగ ఇంట్లో తిండి మీద వాలదు కూడా, ఎదిగాక దానికి తిండి ఆశే ఉండదు. కంపోస్ట్ పనిని అవి తొందరగా చేస్తాయి. ఇదంతా నిజమే కానీ రాత్రిపూట వాషింగ్ మెషీన్ మీద పురుగు కనిపించినవాళ్లకు ఈ పాఠం చెప్పి లాభం లేదు. కుమ్మరించిన దాంట్లో రెండు గోనెల ఎండాకులు కలిపి, రెండు బకెట్లకు పంచి, పైన అంగుళం మందం పొడి కోకోపీట్ కప్పి, మూతి మీద పాత నూలు చీర ముక్క పరిచి ఎలాస్టిక్ వేశాం. నాలుగు రోజుల్లో వాసన పోయింది. కింది ఇంటివాళ్లకు టీచరుగారే వెళ్లి సారీ చెప్పి వచ్చారు.

కుడితి

ఆ ఉదయం నేను పిడచలు చిదుపుతుంటే మామ్మగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తున్నారు. అప్పటిదాకా ఆవిడ ఈ వ్యవహారంలో మాట్లాడింది లేదు. అప్పుడు అన్నారు:

"అదేంటమ్మాయ్, అన్నం తీసుకెళ్లి పెంటలో వేస్తారా ఎవరైనా? కుడితిలో పోసేది వేరు, పెంట మీద వేసేది వేరు."

పల్లెటూళ్లలో పెరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గేదె ఉన్న ప్రతి ఇంట్లో కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, తవుడు అందులో పడేవి. గేదె తాగేది. గేదె తిననిది, పేడ, ఊడ్చిన ఆకులు, బూడిద పెంటకుప్పకి వెళ్లేవి, వేసవిలో అది బండెక్కి పొలానికి పోయేది. తినగలిగేది తినే ప్రాణికి, తినలేనిది మట్టికి. నేను చదువుకుని నేర్చుకున్న వరుస కూడా ఇదే: మొదట మిగలకుండా చూడు, మిగిలితే మనిషికి పెట్టు, ఆ తర్వాత పశువుకి, ఆఖర్న ఎరువుకి. అలాంటిది నేను ఆ ఇంట్లో మొదటి మూడు మెట్లూ దాటించి తిండిని నేరుగా ఎరువు బకెట్లో వేయించాను.

"గేదె లేదుగా నానమ్మా" అంది పెద్దమ్మాయి.

"గేదె లేకపోతే మిగల్చకూడదు" అన్నారావిడ.

ఆ రోజే వండినవాటికి మూతున్న రెండు లీటర్ల స్టీలు డబ్బా పెట్టాం. దానికి కుడితి డబ్బా అని పేరు పడిపోయింది. పక్కన పిండి తూచే చిన్న కాటా. రాత్రి వంటిల్లు సర్దాక పెద్దమ్మాయి తూచి గోడ క్యాలెండర్ గడిలో రాసేది: ఎన్ని గ్రాములు, ఏమిటి, ఎందుకు. "ఎందుకు" అన్నది మామ్మగారు పట్టుబట్టి చేర్చిన గడి.

మొదటి 31 రాత్రుల్లో 19 రాత్రులు "అన్నం" అన్న మాట ఉంది. ఎందుకు అన్నచోట "నాన్న ఆఫీసులో తిన్నారు" పదకొండుసార్లు. ఇది చూసి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆయనే క్యాలెండర్ ముందు రెండు నిమిషాలు నిలబడి, మర్నాటి నుంచి ఆరింటికి ఇంటి గ్రూపులో తింటానో లేదో మెసేజ్ పెట్టడం మొదలుపెట్టారు. రాత్రి మూడు గ్లాసుల బియ్యం పెట్టే అలవాటు ఆయన చెల్లెలి కుటుంబం కూడా కలిసున్న రోజులది. వాళ్లు వేరే వెళ్లి రెండేళ్లయినా గ్లాసులు మారలేదు. రెండుంపావుకి దించారు. సాంబారు గిన్నె కూడా అప్పటిదే, అది అటక ఎక్కింది. పిల్లల బాక్సుల్లో చపాతీలు వెనక్కి రావడానికి కారణం చిన్నవాణ్ణి అడిగితే తెలిసింది: లంచ్ బ్రేక్ ఇరవై నిమిషాలే, మూడు తినేలోపు బెల్ కొడుతుంది. రెండు పెట్టి, ఇంటికి రాగానే ఏదైనా పెట్టడం మొదలుపెట్టారు.

మిగిలినవాటి సంగతి మామ్మగారి చేతిలోకి వెళ్లింది. రాత్రి అన్నం మిగిలితే చల్లారాక నీళ్లు పోసి ఫ్రిజ్‌లో, పొద్దున మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో చద్దన్నం. వేసవిలో వండిన అన్నాన్ని బయట గంటల తరబడి వదలొద్దని నేను ఒక్క జాగ్రత్త చెప్పాను, ఆవిడ ఒప్పుకున్నారు. ఎక్కువ మిగిలితే పులిహోర. మెత్తబడితే ఎండలో వడియాలు, దానికి టెర్రస్ తాళం అడిగి తెప్పించారు. తొక్కల డబ్బా బరువు కూడా కాస్త తగ్గింది, బీరపొట్టు పచ్చడి, ఆనపకాయ తొక్కు పచ్చడి, పుచ్చకాయ తెల్లభాగంతో కూర వంతులవారీగా వచ్చాయి. కొత్తిమీర కాడలు చారులోకి. ఇవన్నీ మన ఇళ్లల్లో ఎప్పుడూ ఉన్నవే. కోడలికి కొన్ని తెలియవు, ఆవిడ సెల్‌ఫోన్‌లో వీడియో తీసుకుని నేర్చుకున్నారు.

అయినా కుడితి డబ్బాలో కొంత మిగులుతుంది: మాడిన అన్నం, పాడైన కూర, చేపముళ్లు. గోదావరి వాళ్లు కాబట్టి ఆదివారం చేప తప్పదు. దీనికి బొకాషి బకెట్ ఒకటి పెట్టాం. గాలి చొరని మూత, అడుగున కుళాయి. వండినది వేసి, సూక్ష్మజీవులు పట్టించిన తవుడు గుప్పెడు చల్లి, నొక్కి మూత బిగించడమే. జపాన్ పద్ధతి. ఒకినావాలోని ర్యూక్యూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన తెరువో హిగా 1980ల్లో రూపొందించిన సూక్ష్మజీవుల మిశ్రమంతో ప్రపంచమంతా పాకింది. ఇందులో కుళ్లడం ఉండదు, ఊరడం ఉంటుంది. మూత తీస్తే ఊరగాయ జాడీ వాసన వస్తుంది. నిండాక రెండు వారాలు కదపకుండా ఉంచి, తర్వాత మామూలు కంపోస్ట్ బకెట్లో కొంచెం కొంచెం కలపాలి. చూడ్డానికి అన్నం అన్నంలాగే ఉంటుంది, కంపోస్ట్‌లో కలిపాక పది రోజుల్లో మాయమవుతుంది. ముళ్లు మాత్రం అంత తేలిగ్గా పోవు, జల్లెడలో దొరుకుతూనే ఉన్నాయి. తవుడు ఖర్చు ఉంది కాబట్టి వండినవి మిగల్చని ఇంటికి నేను దీన్ని సిఫార్సు చేయను.

మామిడికాయల కాలం, వానల కాలం

మే నెలలో తొక్కలు రోజుకు 1.9 కిలోలకు పోయాయి. మామిడిపళ్లు, పుచ్చకాయలు, తాటిముంజెల తొక్కలు, ఆవకాయ పెట్టిన రోజు చెత్త. మూడు బకెట్లు ఒకేసారి నిండిపోయాయి. టెంకలు బకెట్లో వేయొద్దన్నాం, ఏడాదైనా కరగవు. పుచ్చకాయ తొక్కల్ని ముక్కలు చేసి సగం రోజు పేపర్ మీద ఆరనిస్తే నీళ్లు పోయి సగానికి ముడుచుకుంటాయి. అయినా సరిపోక ఐదో బకెట్ కొన్నారు. చిన్న ఇంట్లో కంపోస్ట్ పెట్టేవాళ్లు చోటు లెక్క వేసవికి కట్టుకోవాలి, మామూలు రోజులకు కాదు. ఈ ఇంటికి ఆ లెక్క నేనే తక్కువ కట్టాను.

జూన్‌లో పదిరోజులు ఊరెళ్లి వస్తే బకెట్లు ఎండిపోయి ఎర్రచీమలు పట్టాయి. కాసిని నీళ్లు చిలకరించి రెండుసార్లు కలిపితే వెళ్లిపోయాయి.

జూలైలో అసలు కష్టం. వాన గాలికి గోనెలోని ఎండాకులే మెత్తబడ్డాయి. ట్రేలో నల్లటి నీళ్లు, బకెట్ చుట్టూ పండు ఈగలు. ఈ పండు ఈగల గుడ్లు బజారు నుంచి అరటి తొక్కల మీదే ఇంటికి వస్తాయి, మనం ఎంత శుభ్రంగా ఉన్నా సరే. గ్లాసులో కాస్త వెనిగర్, రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి పక్కన పెడితే పడి చస్తాయి. ఆ నెల ఎండాకులు మానేసి పెట్టెలో దాచిన కోకోపీట్, చింపిన కొరియర్ అట్టలు వాడాం. అట్ట ముక్కలు తడిని బాగా పీలుస్తాయి, మధ్యలో గాలి సందులు కూడా ఇస్తాయి. ప్లాస్టిక్ టేపు పీకేయాలి, అంతే. ఏప్రిల్‌లో ఎండాకులు దొరికినన్ని పోగేసి బిగుతు మూత డబ్బాలో దాచుకోమని ఇప్పుడు అందరికీ చెప్తున్నాను. వడియాలు, అప్పడాలు వేసవిలో పెట్టుకుని వానాకాలానికి దాచినట్టే ఇదీ.

మొదటి బకెట్ తీసిన రోజు

మే ఆఖరి ఆదివారం. మార్చిలో గొడవ జరిగిన బకెట్టే, మధ్యలో రెండుగా పంచినది. పాత గోధుమపిండి జల్లెడ పనికిరాలేదు, రంధ్రాలు మరీ సన్నం. ఇసుక జల్లెడ పట్టే ఇనుప మెష్ ముక్క ఒకటి తెచ్చాను. పేపర్ మీద జల్లిస్తుంటే టీపొడి రంగులో జారిపోతోంది. మెష్ మీద మిగిలినవి: రెండు వెల్లుల్లి కాడలు, గుడ్డు పెంకులు, ఒక స్పూను, కొబ్బరి పీచు, ఒక సీతాఫలం గింజ. పెద్దమ్మాయి గుప్పెడు తీసి వాసన చూసి వాళ్ల నానమ్మ ముక్కు దగ్గర పెట్టింది. ఆవిడ కళ్లు మూసుకుని "తొలకరి వాసన" అన్నారు.

రెండు బకెట్లకూ కలిపి పదహారు కిలోలకు పైగా వేసుంటారు, జల్లెడ దిగింది 4.2 కిలోలు. నాలుగో వంతు అన్నమాట. కుండీకి రెండు గుప్పిళ్లు చొప్పున వేశారు. మూడు వారాలకు కరివేపాకు చిగురేసింది. గులాబీ కుండీలో వాళ్లు నాటని టమాటా మొక్కలు ఏడు మొలిచాయి. ఇంత చిన్న బకెట్లో వేడి నిలవదు. పెద్ద కుప్పల్లో 55 డిగ్రీలు దాటి గింజలు చచ్చిపోతాయి, ఇక్కడ గోరువెచ్చగా మాత్రమే ఉంటుంది. కాబట్టి టమాటా, గుమ్మడి, మిరప గింజలు బతికే ఉంటాయి. చిన్నవాడు ఆ ఏడింటిలో రెండు ఉంచి మిగతావి స్కూల్‌కి పట్టుకెళ్లాడు.

తర్వాత వచ్చిన సమస్య నేను ముందే చెప్పి ఉండాల్సింది: ఆగస్టుకల్లా కుండీలకు ఎరువు ఎక్కువైపోయింది. సెప్టెంబర్ చివరికి మొత్తం 36 కిలోలు దిగింది. పద్నాలుగు కుండీలు అంత తినలేవు. కింద వేపచెట్టు, మందార పాదులకు వేయడానికి అపార్ట్‌మెంట్ కమిటీని అడిగితే సరేనన్నారు. గొడవ పెట్టుకున్న రెండో అంతస్తు వాళ్లు కూడా తులసి కోటకి కిలో పట్టుకెళ్లారు.

మళ్లీ తూకం

2024 వినాయక చవితి సెప్టెంబర్ 7న వచ్చింది. పత్రి, పూలు అన్నీ బకెట్లోకే వెళ్లాయి. పండగ హడావుడి అయ్యాక సెప్టెంబర్ 10 నుంచి 23 దాకా మొదటిసారిలాగే పద్నాలుగు రోజులు తూచారు.

వండనివి 11.2 నుంచి 10.4 కిలోలకు తగ్గాయి, పెద్ద తేడా లేదు. తొక్కలు వంట చేసినంతకాలం వస్తాయి. వండినవి 5.6 నుంచి 1.9 కిలోలకు వచ్చాయి, అంటే రోజుకు 400 గ్రాముల నుంచి 135కి. ఆ రెండు వారాల్లో మునిసిపల్ ఆటోకి వెళ్లిన తడి చెత్త 1.3 కిలోలు: కొబ్బరి చిప్పలు, ఎముకలు. దాన్ని ఆదివారం పూట ఆయన కిందికి తీసుకెళ్తున్నారు. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి వేరుచేయడం ప్రతి ఇంటి బాధ్యత అని చెప్పాయి. ఈ ఇంట్లో వేరుచేయడానికి మిగిలిందే దాదాపు లేదు.

ఈ అంకెల్ని ఉన్నదానికన్నా పెద్దవి చేయను. ఒక్క ఇల్లు, పద్నాలుగేసి రోజుల తూకాలు రెండు. సెప్టెంబర్‌లో మామిడిపళ్లు లేవు. తూకం వేస్తున్నామన్న ధ్యాసే మనిషిని జాగ్రత్తపడేలా చేస్తుంది. ఆ చివరిదాన్ని మాత్రం నేను లోపం అనుకోను, అదే ఇక్కడ పనిచేసిన మందు. వండినవీ తొక్కలూ ఒకే బకెట్లో పడి ఉంటే ఆ 400 గ్రాములు ఎప్పటికీ ఎవరికీ కనిపించేవి కావు. ఇంకా చెప్పాలంటే "ఎరువైపోతుందిలే" అన్న ధైర్యంతో కాస్త పెరిగేవేమో కూడా, అలా పెరిగిన ఇళ్లు నేను చూశాను. ఒక గ్లాసు బియ్యం వెనక ఎన్ని నీళ్లు, ఎంత మంది రెక్కల కష్టం ఉందో తెలిసినవాళ్లం మనం. దాన్ని ఎరువు చేయడం పారేయడం కన్నా నయం, తినడం కన్నా కాదు.

హైదరాబాద్ చెత్త ఎక్కువగా చేరేది జవహర్‌నగర్ యార్డుకి. అక్కడి గుట్టల్లో గాలి ఆడక తడి చెత్త మీథేన్ అవుతుంది, నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు వేడి పెంచే వాయువు అది. ఆ బకెట్లో అన్నం పిడచల మధ్య జరిగిందే అక్కడ కొండంత ఎత్తున జరుగుతోంది. ఆ వాసన ఒక్క రాత్రి భరించలేక గొడవైంది, ఆ యార్డు చుట్టూ ఉన్న కాలనీలవాళ్లు ఏళ్ల తరబడి భరిస్తున్నారు. నేను ఈ పని వదలకపోవడానికి అది ఒక కారణం.

అదే బిల్డింగ్‌లో నాలుగో అంతస్తు వాళ్లు కూడా జూన్‌లో మొదలుపెట్టి ఆగస్టులో ఆపేశారు. అక్కడ వంట, తొక్కలు, బకెట్ మొత్తం వంటమనిషి మీద వదిలేశారు. ఆవిడ మానేసిన వారం బకెట్ కూడా ఆగిపోయింది.

నా పద్ధతిలో ఈ కేసు తర్వాత రెండు మార్చాను. వండినవి మొదటి రోజు నుంచే వేరు డబ్బాలో, "ఎందుకు" గడితో సహా. ఇంట్లో పెద్దవాళ్లుంటే మొదటి విజిట్‌లోనే వాళ్ల ఊళ్లో కుడితి, పెంట ఎలా నడిచేవో అడిగి రాసుకుంటున్నాను.

2025 జనవరిలో మామ్మగారు సంక్రాంతికి ఊరెళ్లి మూడు వారాలు అక్కడే ఉండిపోయారు. ఆ మూడు వారాల్లో కుడితి డబ్బా రోజుకు 250 గ్రాములకు పోయింది, క్యాలెండర్‌లో నాలుగు గడులు ఖాళీ. ఆవిడ వచ్చి క్యాలెండర్ చూసి ఏమీ అనలేదట, గ్లాసు తీసి కొడుకు చేతికిచ్చారట. ఇప్పుడు రాత్రి బియ్యం ఆయనే కొలుస్తున్నారు. ఫిబ్రవరి మొదటి వారం తూకం 150 గ్రాములు.